ఆ మందు

పని ముగిసిన వర్క్‌షాపు. మొక్కజొన్న ప్లాస్టిక్కుతో చేసిన చెంచాలు కుప్పపోసిన బల్ల. బల్లకు ఇటు బావ, అటు బావమరిది.

"జూన్ పందొమ్మిది. ఆ రోజు మధ్యాహ్నం మనం ఉడికించిన మొక్కజొన్న కండెలు తిన్నాం. గుర్తుందా?"

"తిన్నాం కాబోలు బావా. తిన్నవన్నీ గుర్తుపెట్టుకోడానికి నేనేమైనా..."

"కాబోలు కాదు, తిన్నాం. ముడిసరుకు మనమే మేసేస్తే ఇక చెంచాలు దేంతో చేస్తాం బావా అని నువ్వే నవ్వావు."

"నవ్వుంటాను. ఇప్పుడా కండెల గొడవ ఎందుకు? పొద్దుపోయింది. తాళం వేద్దాం పద."

"కూర్చో. ఈ చెంచా కాడ మీద మేకుతో గీసిన తేదీ చదువు."

"పద్దెనిమిది, ఆరు."

"పట్టకారుతో పట్టుకుని వంచు."

"వంచితే ఏమవుతుందో తెలీదా? చేసి ఆర్నెల్లయింది. టప్‌మంటుంది."

"వంచరా."

"ఇదిగో. టప్. రెండు ముక్కలు. సంతోషమేనా?"

"ఇప్పుడు ఇది. పందొమ్మిది, ఆరు. మర్నాడు చేసింది. వంచు."

"బావా, నాకు పనుంది."

"ఏం పని?"

"ఉంది, ఏదో ఒకటి."

"ఆ ఏదో ఒకటి ఇది వంచాక చేసుకుందువుగాని. ఊఁ."

"ఇదిగో, వంచాను."

"చూశావా? వంగింది. వదిలెయ్. చూడు, మళ్ళీ లేచి నిలబడింది. పొద్దున్న వేడివేడి సూపులో ముంచాను, వంకర పోలేదు. నేనే పళ్ళతో కొరికాను, గాటు పడింది తప్ప చిట్లలేదు."

"నువ్వెందుకు కొరికావు? నీ పళ్ళేమైనా ఇనప పళ్ళా?"

"మాట మార్చకు. వేలితో రుద్ది చూడు. జిడ్డుందా?"

"లేదు."

"మిగతావన్నీ చేసిన కొత్తలో మెత్తగానే ఉంటాయి. నెలలు గడిచేకొద్దీ మనం పోసిన మెత్తమందు చెమట పట్టినట్టు పైకొచ్చేస్తుంది. అంతా బయటికొచ్చేశాక లోపల మిగిలేది పెళుసు. దీంట్లో మాత్రం లోపలే ఉండిపోయింది. ఎందుకుండిపోయింది?"

"దానికి మనమంటే ఇష్టమేమో."

"ఒరేయ్."

"మరేం చెప్పమంటావు? ఆ రోజు వాన పడిందేమో."

"తడి తగిలితే ప్లాస్టిక్ గుళికలు పాడై ఇంకా పెళుసవుతాయి. వాన కాదు."

"కొత్త బస్తా విప్పామేమో."

"పద్దెనిమిదిదీ పందొమ్మిదిదీ ఒకే బస్తా. కుట్టు విప్పడం రాక కత్తితో చింపావు, గుళికలు నేలంతా పడ్డాయి. చీపురు పట్టుకుని నేనే ఊడ్చాను."

"తెల్లమందు ఎక్కువ పడిందేమో."

"తెల్లమందు వేడికి నిలబెడుతుంది. ఎక్కువైతే మొండికేస్తుంది గానీ ఇలా వంగదు."

"మెషిన్ వేడి ఎక్కువ పెట్టానేమో."

"దీపానికి అడ్డంగా పెట్టి చూడు. కొంచెం పచ్చగా లేదూ?"

"పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగానే కనిపిస్తుందట."

"మాడిన పచ్చ వేరు, ఇది వేరు. వాసన చూడు."

"చూడను."

"ఎందుకు చూడవు?"

"జలుబు చేసింది."

"ఇందాక టీ అడుగంటిన వాసన నాకంటే ముందు పట్టింది ఎవరు?"

"అబ్బబ్బ! ఏంటి బావా ఇది? పోలీసులు కూడా ఇన్ని ప్రశ్నలు వెయ్యరు. కుదిరింది కదా, సంతోషించక. తీగ లాగడం మొదలుపెడితే డొంకంతా కదిలేదాకా వదలవు. అక్క ఊరికే అనేదా? మా తమ్ముడు పెళుసు, మా ఆయన జిగురు, ఇద్దరినీ కలిపి డ్రమ్ములో తిప్పితే ఒక మంచి మనిషి తయారవుతాడు అని."

"అనేది."

"అనేది. అందుకే చెప్తున్నా, ఈ జిగురు నాకు పడదు. మూతల ఫ్యాక్టరీ వాళ్ళు రమ్మంటున్నారు. పెద్ద మెషిన్లు, గట్టి ప్లాస్టిక్. దానికి మందులూ మాకులూ అక్కర్లేదు. పోస్తే మూత, పోస్తే మూత. హాయి."

"వెళ్తావా?"

"వెళ్తే వెళ్తాను. అక్క కోసమేగా ఇక్కడ చేరింది. అక్క లేనప్పుడు నువ్వెవరు, నేనెవరు?"

"ఆ పట్టకారు ఇలా ఇవ్వు."

"అంటే... అలా అని కాదు బావా."

"ఫోను మోగుతోంది. తియ్యి."

"నీదే. ఆసుపత్రి పెద్దనర్సు."

"ఇలా ఇవ్వు. నమస్కారమమ్మా. ఆఁ, రేపు పొద్దున్నే రండి... ఉంది, ఒకటి నిలబడింది. ఆర్నెల్లు బీరువాలో పెట్టిందే, అవును... లేదమ్మా, వాడేశాక మీ తోటలో గొయ్యి తీసి కప్పెట్టుకోవచ్చు, అది మారలేదు... మళ్ళీ చెయ్యగలమా అంటే... రండి, మాట్లాడుకుందాం. మీరు తిన్నారా? ఎప్పుడూ ఇదే మాట, ముందు తినండమ్మా. ఉంటాను."

"ఏమంటుంది?"

"మళ్ళీ మళ్ళీ ఇలాంటివే చెయ్యగలమని మాట ఇస్తే తీసుకుంటుందట. ఇవ్వలేకపోతే ఇక చూడలేను, స్టీలు చెంచాలకే పోతానంటోంది. ఆవిడ తప్పు లేదు. ఎన్నిసార్లని తిప్పుతాం?"

"చెయ్యగలమని చెప్పెయ్. తర్వాత చూసుకోవచ్చు."

"ఎలా చేశామో తెలీకుండానా? అది చేరేది నోరు తెరిచి చెప్పుకోలేని మనుషుల నోట్లోకిరా. మీ అక్కకి పక్షవాతం వచ్చాక దవడ బిగుసుకుపోయేది. చెంచా పెదవులు దాటగానే కొరికి పట్టేసేది, తనకి తెలీకుండానే. స్టీలు చెంచా కొరికి ముందు పన్ను విరగ్గొట్టుకుంది."

"తెలుసు. నేనూ అక్కడే ఉన్నాను."

"మామూలు ప్లాస్టిక్‌ది పెడితే చిట్లి ముక్క..."

"ఆపు బావా."

"పెద్దనర్సు వేలు పెట్టి తీసింది. తన వేలు నలిగిపోతుందని తెలిసీ పెట్టింది."

"వారం రోజులు కట్టు కట్టుకుని తిరిగింది పాపం."

"ఆ తర్వాత స్టీలుదే పెట్టేది. కానీ పెట్టేముందు ప్రతిసారీ ఆ చెంచా గుప్పిట్లో పట్టుకుని కాసేపు నిలబడేది. ఏంటమ్మా ప్రార్థనా అని అడిగాను ఒకసారి. కాదు సార్, చలికాలం కదా, పెదవులకి చల్లగా తగులుతుందని వెచ్చబెడుతున్నా, అంది. పక్క మంచాలన్నీ తన కోసం ఎదురుచూస్తుంటే కూడా."

"నేనది చూళ్ళేదు."

"నువ్వు వరండాలో తిరుగుతూ ఉండేవాడివి. నీకు కాలు నిలవదుగా. అందుకే అడుగుతున్నా. ఆ రోజు గుళికలు కలిపే డ్రమ్ములో ఏం పోశావు?"

"నేనేం పొయ్యలేదు."

"పోశావు."

"పోశాను, మందు పోశాను, రోజూ పోసేదే పోశాను!"

"మెత్తమందు డబ్బా ఆ నెల పదిహేనున కొత్తది తెరిచాం. నెలాఖరుకి చూస్తే ఒక రోజు మందు మిగిలిపోయింది. లెక్క తప్పానేమో అనుకుని ఊరుకున్నాను. తప్పలేదు. ఒక రోజు నువ్వు అది పొయ్యలేదు. చెప్పు, అరవను. ఎప్పుడైనా అరిచానా నీ మీద?"

"అరిచావు! ఆ రోజే అరిచావు. అసలు గొడవంతా నీ అరుపు వల్లే."

"నేనా?"

"మెషిన్ మోతలో, ఆ అద్దం తలుపు అవతల్నించి. ఏమని అరిచావో చెప్పు."

"ఏమని అరుస్తాను? రోజూ అనేదే. ఆ మందు పొయ్యరా అని."

"అదీ! నాకు ఆముదం పొయ్యరా అని వినిపించింది. ఆ మందు. ఆముదం. నువ్వే చెప్పు, ఆ మోతలో తేడా తెలుస్తుందా? అక్క మొదట్నుంచీ మొత్తుకునేది, వాటికో పేరు పెట్టండి, ఆ మందు ఈ మందు అంటూ ఉంటే దీన్ని సారాకొట్టు అనుకుంటారు జనం అని. విన్నావా? గడ్డం ఎత్తి చూపిస్తూ ఆ మందు, ఆ మందు. కాలేజీలో పాఠాలు కూడా ఇలాగే చెప్పావా?"

"ఆముదం పోశావా?"

"పోశాను."

"మన దగ్గర ఆముదం ఒకటే ఉండేది."

"అవును."

"గుళికలు ఆరబెట్టే డ్రయ్యర్ మీద."

"అవును బావా, డ్రయ్యర్ మీద. అక్క సీసా. మంచాన పడకముందు, వేడి చెంచాల అంచులు కోసీ కోసీ చేతులు పగులుతున్నాయని తెచ్చి పెట్టుకున్న సీసా. ఏ సీసాకీ మూత పెట్టే అలవాటు లేదుగా మహాతల్లికి, అలా నోరు తెరుచుకునే ఉండేది. తను పోయాక నువ్వూ కదపలేదు, నేనూ కదపలేదు. దాన్నే పోశాను. చాలా? తిట్టు ఇక."

"ఎంత పోశావు?"

"ఎంతేంటి?"

"సగమా, పావా?"

"మొత్తం."

"నీకు అనుమానం రాలేదా?"

"రాకేం? సీసా పట్టుకుని నీ వంక చూశాను. ఇదేనా అని ఎత్తి చూపించాను కూడా. నువ్వేమో అద్దం అవతల్నించి కానీ, కానీ అని చెయ్యి ఊపావు. కళ్ళజోడు నెత్తి మీదుంది, నీకేం కనిపించి ఉంటుంది? నేనేమో... మొదటి పెద్ద సరుకు కదా, అందులో అక్క చెయ్యి కూడా పడాలని అనుకున్నావేమో అనుకున్నాను. మొక్కులాగా."

"మొక్కా?"

"సైన్సు చదివిన మనిషికి ఇదేం పిచ్చి అనిపించింది. పోనీలే, దిగులు ముదిరితే ఎవరైనా ఇంతే అని పోసేశాను. నవ్వకు. ఎందుకు నవ్వుతావు? ఏడుస్తున్నావా?"

"రెండూ కాదు. ఎలా పడింది చెప్పు. సీసా వంచగానే నీళ్ళలా జారిందా?"

"జారడమా! తేనెకి తాత. సీసా తలకిందులు పెట్టి, అది దిగేలోపు ఒక కండె నమిలేశాను."

"ముదిరింది."

"ఏంటి?"

"నూనె ముదిరింది. కింద డ్రయ్యర్ వెచ్చదనం, పైన మూత లేదు, రోజూ గాలి తగులుతోంది. అలా నెలల తరబడి ఉంటే ఆముదంలో చిన్న చిన్న అణువులు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుంటాయి. ఒంటరివాడు ఎప్పుడైనా తలుపు తీసుకుని బయటికి జారుకోగలడు. పదిమంది చేతులు పట్టుకుని గుమ్మం దాటాలంటే కష్టం. అందుకే చెంచాలోంచి బయటికి రాలేదు. చెమట లేదు. జిడ్డు లేదు."

"అంటే ఉమ్మడి కుటుంబం అన్నమాట."

"అన్నమాటే. మెత్తదనం అక్కడే ఉండిపోయింది. అబ్బ, ఎంత తేలిక విషయం! నేను పుస్తకాల్లో వెతుకుతున్నాను, అది నా నెత్తి మీద నుంచే వెక్కిరిస్తోంది."

"గంతులెయ్యడం ఆపు బావా. కూర్చో. ఇంకోటి ఉంది."

"చెప్పు."

"ఇప్పుడు డ్రయ్యర్ మీద సీసా ఉంది చూడు. నిండుగా."

"ఉంది."

"అది అక్కది కాదు. సీసా అక్కదే, నూనె కాదు. ఆ సాయంత్రం నువ్వెళ్ళాక ఖాళీ సీసా చూసి పరుగెత్తాను. వంతెన దిగాక మూల కొట్టుందే, అక్కడ కొనుక్కొచ్చి నింపేశాను. నువ్వు రోజూ డ్రయ్యర్ తుడిచేటప్పుడు సీసా కింద కూడా ఎత్తి తుడిచి, మళ్ళీ అదే గుండ్రటి మరక మీద పెడతావు. ఆర్నెల్లుగా చూస్తున్నా. నువ్వలా పెట్టినప్పుడల్లా నా ప్రాణం గిలగిలలాడేది. మూతల ఫ్యాక్టరీ వాళ్ళు పిలవలేదు. నేనే వెళ్ళి అడిగాను."

"నా మొహం చూడలేకనా?"

"ఆఁ."

"ఆముదం తాగిన మొహంలా ఉండేదా నా మొహం?"

"జోకులా బావా ఇప్పుడు? నేను అక్కని డ్రమ్ములో పోసి చెంచాలు చేసేశాను. నీకు అర్థమవుతోందా? పైగా అది దొంగతనంగా వాడటం నాకు కొత్త కాదు. అంతకుముందు కూడా ఈ తలుపు బందులు కిర్రుమన్నప్పుడల్లా చుక్కా చుక్కా దాంట్లోంచే తీసేవాణ్ణి. అచ్చు తలుపులకీ అదే. అక్క చేతి నూనె తగిలితే మెషిన్ మాట వింటుందని నాకో వెర్రి. ఎంత తీసినా తరిగేది కాదు. అక్షయపాత్ర! అక్క చేతి చలవ అనుకునేవాణ్ణి. చివరికి నా చేత్తోనే బోర్లించేశాను."

"కళ్ళు తుడుచుకో. చేతికి తెల్లమందుంది, ఆ చేత్తో కాదు. ఇదిగో, నా తువ్వాలు."

"నువ్వు తిట్టు బావా. తిడితే తేలిగ్గా ఉంటుంది."

"సీసా ఇలా తీసుకురా. వంచు, కొద్దిగా. ఎలా ఉంది?"

"చిక్కగానే ఉంది. కదలడం లేదు."

"ఆర్నెల్లలో ఇదీ ముదిరింది. రేపు పెద్దనర్సు వచ్చేలోపు దీంతో కొన్ని చేద్దాం. పచ్చదనం, వంపు అదే వస్తే, వచ్చింది వచ్చినట్టు ఆవిడకి చెప్పేద్దాం. నూనె ముదరపెట్టడానికి టైము పడుతుందని, మళ్ళీ బీరువాలో పెట్టి చూడాలని కూడా చెబుదాం. కానీ మళ్ళీ చెయ్యగలమని మాట ఇవ్వొచ్చు."

"ఇవ్వకు. కుదరదు."

"ఎందుకు కుదరదు?"

"ఇది కొట్టు నూనె బావా! అది అక్క నూనె. అక్క ఎక్కడ కొన్నదో, ఏ ఊరి గింజలో, ఎవరు ఆడారో! మళ్ళీ అలాంటిది ఎక్కడ తెస్తాం? నాకు తెలుసు, ఇది పోస్తే టప్‌మంటుంది. రేపు ఆవిడ ముందు నీ మాట పోతుంది. మన ప్రాప్తం ఆ ఒక్క రోజు చెంచాలే."

"నువ్వు తెచ్చిన సీసాకి ఆకుపచ్చ కాగితం అంటించి ఉందా? మూత వదులుగా ఉండి, సంచిలో కారుతుందా?"

"అవును. చొక్కా పాడైంది కూడా... నీకెలా తెలుసు?"

"లైటు ఆపు."

"నీకెలా తెలుసు బావా?"

"ఆ కొట్టతను నన్నడిగాడు. ఏంటి సార్, మీ ఇంట్లో ఆముదం అంత ఎవరు తాగుతున్నారు, మొన్న మీ బావమరిదిగారు కూడా పట్టుకెళ్ళారు అని."

"కూడానా?"

"కూడా."

"అంటే... నువ్వు..."

"ఆ బల్ల కింది మీట కూడా ఆపు. ఆఁ, పద."

"నేను కొన్నానని ఆర్నెల్లుగా నీకు తెలుసా? తెలిసీ ఇందాకట్నుంచి నన్ను..."

"సీసాలో నూనె ఒక్క రోజులో పల్చబడింది. ముదిరినవాళ్ళం పడుచువాళ్ళమవుతామా, నూనైనా అంతే. మార్చావని తెలుసు. పాతది డ్రమ్ములోకి పోయిందని మాత్రం తెలీదు. బందులకి పోసి ఉంటావనుకున్నాను."

"ఆగు బావా, అది కాదు. నువ్వెందుకు కొన్నావు ఆముదం?"

"బయటికి రా ముందు. తాళం నా దగ్గరుంది."

"నువ్వు చెప్పేదాకా గుమ్మం దాటను."

"మీ అక్క వాడిన నూనె ఆవిడ పోయేనాటికే అడుగునుందిరా. నెల తిరక్కుండా అయిపోయింది. నువ్వేమో పొద్దున్నే వచ్చి, నేను చూడటం లేదనుకుని, ఆ సీసా వాసన చూసి పనిలోకి దిగేవాడివి. అది ఖాళీ అయిన రోజున ఇక ఇక్కడికి రావేమోనని భయమేసింది. జూన్ దాకా నువ్వు తీసిందీ, ఆ రోజు డ్రమ్ములో పోసిందీ అంతా నేను తెచ్చిన కొట్టు నూనే. తలుపు మెల్లగా వెయ్యి."